వాడుకరి ఖాతాలు, లైసెన్సుల లెక్క - ఒక విమర్శ

భూపాలపల్లి బొగ్గుగనులలో పనిచేయువారికి ‘మస్టరు’ అను మాట చిరపరిచితము. ఒక దినము పనిలోనికి దిగినచో ఒక మస్టరు పడును. జీతము, సెలవు, ఉద్యోగపు ఖాయము - అన్నియు ఆ లెక్కను బట్టియే. 1952 సంవత్సరపు గనుల చట్టము ఈ లెక్కలో ఒక సూక్ష్మమును గుర్తించెను. జీతముతో కూడిన సెలవునకు అర్హత పొందుటకు ఉపరితలమున పనిచేయువాడు ఏడాదిలో 240 హాజరులు చూపవలెననియు, భూగర్భములో పనిచేయువానికి 190 చాలుననియు అది నిర్ణయించెను. చీకటిలో, వేడిలో, గాలి తక్కువైన చోట చేయు పనికిని, పైన వెలుతురులో చేయు పనికిని ఒకే కొలబద్ద పనికిరాదని ఆ చట్టము వ్రాసినవారికి తెలిసినది. ఈ చిన్న విషయమును పాఠకులు మనస్సున ఉంచుకొన్నచో ముందు చెప్పబోవు సంగతి సులభముగా బోధపడును.

నేడు కార్యాలయములలో మరియొక మస్టరు పుట్టినది. అది వాడుకరి ఖాతాల పట్టిక. కంప్యూటరుపై పనిచేయు ప్రతి ఉద్యోగికి ఒక పేరు, ఒక రహస్యపదము ఇత్తురు. ఈ రెండును కలిసి అతని ఖాతా అగును. సాఫ్టువేరు అమ్ము సంస్థలు పెక్కు ఈ ఖాతాలను లెక్కించియే రుసుము వసూలు చేయును. కనుక ఖర్చు తగ్గింపదలచిన కార్యాలయము మొదట చేయు పని, చాలకాలముగా ఎవరును తెరువని ఖాతాలను ఏరి తీసివేయుట. 30, 60 లేక 90 దినములు లాగిన్ కాని ఖాతాను ‘నిద్రాణము’ అని గుర్తించి, దానికి కట్టు రుసుమును మిగుల్చుకొనుట నేడు ఎల్లెడల కనిపించు పద్ధతి. పద్ధతి మంచిదే. కాని దానిని నడుపుచున్న తీరు లోపభూయిష్ఠముగా ఉన్నది. ఆ లోపము యంత్రములో లేదు, కొలబద్దలో ఉన్నది.

సాఫ్టువేరు ఇతర సరుకుల వంటిది కాదు. ఒక నాగలిని ఇద్దరు రైతులు ఒకే గడియలో దున్నుటకు వాడలేరు. సాఫ్టువేరును వేయి ప్రతులు తీసినను అసలు ప్రతి తరగదు. కావున అమ్మువాడు వస్తువును అమ్ముటలేదు, వాడుకొను హక్కును అమ్ముచున్నాడు. హక్కు కంటికి కనబడదు గనుక దేనినో ఒకదానిని లెక్కింపవలసి వచ్చినది. కొందరు యంత్రములను లెక్కింతురు. కొందరు ఏకకాలమున వాడుచున్నవారి సంఖ్యను లెక్కింతురు. మరికొందరు పేరుపేరున మనుషులను లెక్కింతురు.

జనగామ నుండి వరంగల్లుకు పోవు ఆర్.టి.సి. బస్సును తలచుకొన్నచో చివరి రెండింటి భేదము తెలియును. బస్సులో యాభై సీట్లున్నవి. ఎవరు ఎక్కినను సరియే, ఒకమారు యాభైమందికి మించి కూర్చుండరాదు. ఇది ఉమ్మడి లైసెన్సు. బస్సు పాసు అట్లు కాదు. పాసుపై పేరు, ఛాయాచిత్రము ఉండును. తమ్ముని పాసుపై అన్న ప్రయాణము చేసిన తప్పు. పాసుదారు నెలలో ఒక్కనాడే ఎక్కినను నెలంతటి రుసుము కట్టవలసినదే. ఇది పేరుగల వాడుకరి లైసెన్సు. గనుల భాషలో చెప్పవలెనన్న, ఈ రెండవ పద్ధతిలో బదిలీ కార్మికునకు చోటు లేదు. రానివాని స్థానములో మరియొకడు దిగుటకు వీలులేదు.

ఇక నిద్రాణమైన ఖాతాలను ఏరు విధమును పరిశీలింపవచ్చును. అధిపతియైన కంప్యూటరు ప్రతి ఖాతాకు చివరిసారి లాగిన్ అయిన తేదీని వ్రాసియుంచును. ఆ తేదీకిని నేటికిని గల అంతరము హద్దును మించినచో ఖాతా పట్టుబడును. ఈ తేదీయే అంత నమ్మదగినది కాదని చాలమంది గమనింపరు. మైక్రోసాఫ్టు వారి యాక్టివ్ డైరెక్టరీలో ఇందుకు సాధారణముగా వాడు తేదీ, యంత్రముల నడుమ సమాచార భారము పెరుగకుండుటకై, ప్రతి లాగిన్‌కు మారదు. సహజమైన అమరికలో అది 9 నుండి 14 దినముల వరకు వెనుకబడి ఉండవచ్చును. అనగా 30 దినముల హద్దు పెట్టిన అధికారి, దాదాపు సగము హద్దంత తప్పు చూపగల గడియారమును చూచి తీర్పు చెప్పుచున్నాడన్నమాట. 90 దినముల హద్దునకు ఈ తప్పు పెద్దది కాదు. 30కి పెద్దదే.

అంతకన్న పెద్ద తప్పు తేదీ సరియైనదైనప్పుడు కూడ జరుగును. జనగామలోని ఒక ఉన్నత పాఠశాలను ఊహింపుడు. 2025లో తెలంగాణ పాఠశాలలకు ఏప్రిల్ 24 నుండి జూన్ 11 వరకు వేసవి సెలవులు. ఏప్రిల్‌లో ఏడు దినములు, మే నెలలో ముప్పదియొకటి, జూనులో పదునొకండు - మొత్తము 49 దినములు. విద్యార్థుల ఖాతాలకు 30 దినముల హద్దు పెట్టిన యంత్రము, మే నెల చివరకు ఆ బడిలోని ప్రతి పిల్లవానిని బడి మానినవానిగా తేల్చును. ఖాతా నుండి లైసెన్సు తీసివేసినచో మైక్రోసాఫ్టు 365 వంటి సేవలలో ఆ తపాలాపెట్టెలోని సమాచారము 30 దినములు మాత్రమే భద్రముగా ఉండును. సెలవుల ఆరంభముననే లైసెన్సులు తీసి రుసుము మిగిల్చితినని సంతోషించిన అధికారికి, జూన్ 12న బడి తెరచునాటికి ఆ సమాచారము మిగులదు. ఇందు యంత్రము అబద్ధమాడలేదు. ఆ ఖాతాలు నిజముగనే వాడుకలో లేవు. వాడుకలో లేకపోవుటయు, అవసరము లేకపోవుటయు ఒకటే యనుకొన్నవాడు పొరబడినాడు.

మహబూబాబాదు జిల్లా పల్లెలకు పోయిన మరియొక ఉదాహరణ దొరకును. అక్కడ ధాన్యము కొనుగోలు కేంద్రములు వానకాలపు పంటకు ఒకమారు, యాసంగి పంటకు ఒకమారు తెరచుకొనును. నడుమ నెలల తరబడి తూకపు కాంటాలు మూలనుండును. అట్టి కేంద్రములో లెక్క వ్రాయు మనిషికి లైసెన్సు కొని ఖాతా యిచ్చినచో, అది జూలైలో నిద్రించును, కోతలు మొదలైన వెంటనే రాత్రింబవళ్ళు మేల్కొనును. 60 దినముల హద్దు దానిని ఆగస్టులోనే కొట్టివేయును. వడ్లు కల్లములోనికి వచ్చిన దినమున, తెరువని ఖాతా ముందు రైతు నిలువవలసి వచ్చును. లైసెన్సు రుసుము మిగిలినదని సంతోషించినవాడు ఆ కల్లము దగ్గర ఉండడు.

దీనికి విపర్యయమును కలదు. కొన్ని ఖాతాలు ఎడతెగక చురుకుగా కనబడును, కాని వాని వెనుక మనిషి ఉండడు. రాత్రి పన్నెండు గంటలకు నివేదిక పంపుటకై ఎవరో ఏనాడో అమర్చిన యంత్రము పదవీవిరమణ చేసిన గుమాస్తా ఖాతాతో ప్రతిదినము లాగిన్ అగుచుండును. ఒకే రహస్యపదమును గోడపై వ్రాసిపెట్టి నలుగురు వాడుకొను ఖాతాలు ఇంకను చురుకైనవి. చివరి లాగిన్ తేదీని మాత్రమే చూచు పద్ధతికి ఇవి ఆదర్శమైన ఖాతాలుగా తోచును.

ఖాతా మనిషిదా, పదవిదా అను ప్రశ్న ఇచ్చట తప్పదు. 2016 అక్టోబరు 11న పాత వరంగల్లు జిల్లా చీలి జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి మొదలైన జిల్లాలు ఏర్పడెను. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుండి ములుగు వేరుపడెను. ఇట్టి విభజన జరిగినప్పుడెల్ల ఉద్యోగులు ఒక కార్యాలయము నుండి వేరొక కార్యాలయమునకు పోవుదురు. మనిషి ఒక్కనాటిలో పోవును, ఖాతా మాత్రము పాత పట్టికలోనే కూర్చుండిపోవు ప్రమాదమున్నది. క్రొత్తచోట అతనికి మరియొక ఖాతా తెరచినచో మనిషి ఒకడు, రుసుములు రెండు. భారత ప్రభుత్వము 2014లో ప్రకటించిన ఈ-మెయిల్ విధానము ఈ చిక్కును కొంత గ్రహించి, అధికారికి పేరుతో ఒకటి, పదవితో ఒకటి చిరునామాలుండు ఏర్పాటు చేసెను. పదవి చిరునామా కుర్చీతో ఉండిపోవును, పేరు చిరునామా మనిషి వెంట పోవును. మెచ్చదగిన ఏర్పాటే. కాని సాఫ్టువేరు లైసెన్సులను పేరున అమ్మువారు కుర్చీని అంగీకరింపరు.

ఆ అంగీకరింపకపోవుట ఎంతవరకు పోగలదో ఇంగ్లండులో జరిగిన ఒక వ్యాజ్యము చూపినది. సింగరేణి సంస్థ తన నిర్వహణ వ్యవహారములకు వాడు సాప్ అను సాఫ్టువేరునే మద్యము తయారుచేయు డయాజియో అను సంస్థయు వాడుచుండెను. అది తన అమ్మకపు సిబ్బందికిని, ఖాతాదారులకును సేల్స్‌ఫోర్స్ అను వేరొక వేదికపై రెండు క్రొత్త సాధనములను కల్పించెను. ఆ సిబ్బంది సాప్‌ను నేరుగా తెరువలేదు. తమ సాధనములో ఒక ఆర్డరు వ్రాసినచో అది నడుమనున్న వంతెన గుండా సాప్‌లోనికి చేరును. ఇదియు వాడుకయే, ప్రతి మనిషికిని పేరుగల లైసెన్సు ఉండవలసినదే అని సాప్ సంస్థ 5 కోట్ల 40 లక్షల పౌండ్లకు పైగా కోరెను. లండను హైకోర్టు 2017 ఫిబ్రవరిలో, ఇట్లు పరోక్షముగా తాకుటయు వాడుకయే యని, బాధ్యత విషయమున సాప్‌కు అనుకూలముగా తీర్పు చెప్పెను. ఒప్పందములోని మాటలను బట్టి తీర్పు సక్రమమే కావచ్చును. శాస్త్రదృష్టితో చూచిన మాత్రము కొలబద్ద అసహజముగా సాగినదని చెప్పక తప్పదు. గని పైన నిలిచి తాడు లాగినవానికి కూడ భూగర్భపు మస్టరు వేసినట్లున్నది. సాప్ సంస్థయే 2018లో, మనుషులకు బదులు పుట్టిన పత్రములను లెక్కించు మరియొక పద్ధతిని ప్రకటించినది.

ఉమ్మడి లైసెన్సు ఎంత పొదుపైనదో గణితము చూపగలదు. ఈ గణితము కంప్యూటరులు పుట్టకముందే పుట్టినది. డెన్మార్కు దేశమున కోపెన్‌హాగెన్ టెలిఫోను సంస్థలో పనిచేసిన ఎ.కె. ఎర్లాంగ్ (1878-1929), ఒక ఊరికి ఎన్ని టెలిఫోను తీగలుండిన, పిలుచువారిలో నిరాశపడువారు నూటికి ఇంతకు మించకుందురో తెలుపు సూత్రమును 1917లో ప్రకటించెను. తీగకు బదులు లైసెన్సు అనుకొన్నచో లెక్క అదియే.

ఆ సూత్రమును పదవ తరగతి విద్యార్థి కూడ మెట్టు మెట్టుగా చేయవచ్చును. సీట్లు సున్న అయినప్పుడు నిరాశ భాగము 1, అనగా అందరును నిరాశపడుదురు. పిదప ఒక్కొక్క సీటు చేర్చునప్పుడు, ముందటి నిరాశ భాగమును సగటు వాడుకతో గుణింపవలెను. ఆ లబ్ధమునకు సీట్ల సంఖ్యను కలిపి, వచ్చిన మొత్తముతో ఆ లబ్ధమును భాగింపవలెను. సగటున 5గురు వాడుచుందురనుకొందము. ఒక సీటున్న నిరాశ భాగము 5/6. రెండున్న 25/37. ఇట్లే పోగా పది సీట్లకు 0.018, పదునొకండు సీట్లకు 0.008 వచ్చును. అనగా పదునొకండు లైసెన్సులున్నచో, నూరుమంది కోరినవారిలో ఒకనికి కూడ సరాసరిని నిరాశ కలుగదు.

ఇప్పుడు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లులలో చెరువుల, కాలువల పటములు గీయు మూడు ఇంజనీరింగు కార్యాలయములున్నవనియు, ఒక్కొక్కదానిలో నలుబదిమంది ఉన్నారనియు, ఏ సమయమున చూచినను ఒక్కొక్కచోట సగటున ఐదుగురు గీత సాఫ్టువేరును వాడుచుందురనియు ఊహింపుడు. ఎవరి లైసెన్సులు వారు కొన్నచో మూడు పదునొకండ్లు ముప్పదిమూడు కావలెను. మూడు కార్యాలయములు కలిసి ఒకే నిధి నుండి తీసికొన్నచో సగటు వాడుక 15 అగును, లెక్క చేసినచో 24 లైసెన్సులే చాలును. జనగామలో ఖాళీగానున్న సీటు మహబూబాబాదు వానికి పనికివచ్చుటయే ఈ తొమ్మిదింటి రహస్యము. పేరుగల లైసెన్సు పద్ధతిలో నైతే అప్పుడప్పుడు వాడువారిని కూడ కలిపి నూటయిరువది కొనవలెను.

ఈ లెక్కకును హద్దులున్నవి. ఒకరి వాడుకకు మరియొకరి వాడుకతో సంబంధము లేదని సూత్రము భావించును. మార్చి నెలాఖరున బిల్లుల హడావిడిలో మూడు జిల్లాలవారును ఒకేమారు పటములు తెరచినచో సగటు అను మాటకే అర్థము పోవును. కావున అట్టి వారములలోని అసలు రద్దీని కొలిచి కొన్ని అదనముగా ఉంచుకొనవలెను. అయినను 24కును 120కిని గల దూరము అట్టి కొరతతో తీరునది కాదు.

ఇంత మేలైన ఉమ్మడి పద్ధతి క్రమముగా మాయమగుచున్నది. ఆటోకాడ్ చేయు ఆటోడెస్కు సంస్థ 2020లో ఉమ్మడి లైసెన్సులను విరమింపదలచి, ఒక ఉమ్మడి హక్కునకు మారుగా రెండు పేరుగల హక్కులు ఇచ్చెదనని ప్రకటించెను. ఒకటికి రెండు అనగానే లాభముగా తోచును. పై కార్యాలయముల లెక్కలో 24కు 48 వచ్చును, మనుషులు 120. తక్కిన డెబ్బదియిద్దరిలో నెలకొకమారు పటము తెరచువాడు ఏమి చేయవలెనో ఆ ప్రకటన చెప్పదు. కొనువానికి ఎర్లాంగ్ సూత్రము తెలియకుండుట అమ్మువానికి ఎంత లాభమో ఇచ్చట కనబడును.

ఒరాకిల్ సంస్థ జావా విషయమున మరియొక అడుగు ముందుకు వేసెను. 2023 జనవరిలో అది ప్రవేశపెట్టిన రుసుము, జావా వాడువారి సంఖ్యతో నిమిత్తము లేకుండ, సంస్థలోని ఉద్యోగులందరి సంఖ్యను బట్టి కట్టవలసినది. తాత్కాలిక ఉద్యోగులు, పొరుగు సేవల సిబ్బంది కూడ ఆ లెక్కలోని వారే. ఇది తలపన్ను. ఊరిలో మగ్గమున్న ఇంటిపై మగ్గపు పన్ను వేయుటకును, నేతగాడు ఒక్కడున్నాడని ఊరందరి తలలు లెక్కించుటకును గల భేదమే ఇది. ఈ పద్ధతిలో నిద్రాణమైన ఖాతాలను ఎంత శ్రద్ధతో ఏరినను ఒక్క రూపాయి మిగులదు. ఖాతాల సంస్కరణముతో లైసెన్సుల ఖర్చు తప్పక తగ్గునని బోధించువారు ఈ ఉదాహరణమును చూడవలెను.

ఈ గొడవ లేని మార్గము స్వేచ్ఛా సాఫ్టువేరు. దానిని ఎందరు వాడినను లైసెన్సు రుసుము లేదు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు లినక్స్‌పై నడచుచున్నవి. హైదరాబాదులోని స్వేచ్ఛ అను సంస్థ తెలుగులోనే అట్టి సాఫ్టువేరును వ్యాపింపజేయుటకు కృషి చేసినది. బడులలో అక్షరములు దిద్దుటకు, పట్టికలు వేయుటకు ఇది చాలును. పేరుగల లైసెన్సులకు డబ్బు పోయుట అనవసరము. అయితే రుసుము లేదని ఖాతాల లెక్క మానరాదు. 2021 మే నెలలో అమెరికా తూర్పు తీరమునకు ఇంధనము పంపు కలోనియల్ పైపులైను ఆగిపోవుటకు కారణము, ఎవరును వాడని ఒక పాత ఖాతా. దాని రహస్యపదము బయటపడగా దొంగలు ఆ దారినే లోనికి ప్రవేశించిరి. సంస్థ సుమారు 44 లక్షల డాలర్లు ముడుపు చెల్లించెను. నిద్రించుచున్న ఖాతాను కనిపెట్టుటకు గల అసలు కారణము ఇదియే. రుసుము మిగులుట దీని తరువాతి మాట.

కాబట్టి చివరి లాగిన్ తేదీని పూర్తిగా త్రోసివేయనక్కరలేదు. దానిని సాక్షిగా పిలువవలెను కాని న్యాయాధిపతిగా కూర్చుండబెట్టరాదు. ఖాతా ఉండవలెనా, పోవలెనా అను నిర్ణయము సర్వీసు రిజిస్టరు నుండి రావలెను. నియామకము, బదిలీ, విరమణ - ఈ మూడు ఉత్తరువులలో ఏది వెలువడినను దాని ప్రతి ఒకటి ఖాతాల అధికారికి అదే దినమున చేరినచో, ఏరివేతలకు మిగులునవి కొలదియే. దినదినము వాడు గుమాస్తాకు ఒక హద్దు, పంటకాలపు కేంద్రమునకు వేరొక హద్దు, సెలవులున్న బడికి మరియొక హద్దు ఉండవలెను. గనుల చట్టము 190ని 240ని వేరుగా ఉంచినట్లే ఇదియు. ఖాతాను నిలుపుట వేరు, లైసెన్సును విడిపించుట వేరు, సమాచారమును చెరిపివేయుట వేరు. చాల సేవలలో ఖాతాకు తాళము వేసినంతమాత్రమున లైసెన్సు విడుదల కాదు, రుసుము నడచుచునే ఉండును. తాళము వేసి రుసుము మిగిలినదని నిశ్చింతగా ఉన్న కార్యాలయములు ఈ సంగతిని ఒకమారు సరిచూచుకొనుట మంచిది.

ఉన్నత పాఠశాలలకు ఇంకను సులభము. పదవ తరగతి పూర్తిచేసిన విద్యార్థి టి.సి. కొరకు ఎట్లును కార్యాలయమునకు వచ్చును. ఆ టి.సి. పుస్తకపు మూలప్రతిలో గ్రంథాలయపు పుస్తకములు తిరిగి యిచ్చెనా అను గడి పక్కన, ఖాతా మూసినారా అని మరియొక గడి గీసికొన్నచో చాలును. పిల్లవాడు తాను వ్రాసికొన్న ప్రాజెక్టును నకలు తీసికొనుటకు పది దినములు గడువిచ్చి, పిదప ఉపాధ్యాయుడు ఆ గడిలో తేదీ వేయవచ్చును.